ఆఖరి ‘లేకపోతే’

నాకు ముక్కు మీదే కోపం అంటారు మా ఇంట్లో. అబద్ధం. నా ఎక్సెల్ షీటులో ఎవరైనా వేలు పెడితేనే నాకు కోపం. మిగతా వేళల్లో నా అంత శాంతమూర్తి ప్రొద్దుటూరు మొత్తం గాలించినా దొరకదు.

నేను పనిచేసేది పులివెందులలో, ఒక రైతుల సంఘం ఆఫీసులో. బస్టాండుకు దగ్గరే, పురుగుమందుల అంగడి పైన రెండు గదులు. పొద్దున్నే ప్రొద్దుటూరులో బస్సెక్కి ముద్దనూరు మీదుగా పోతాను, సాయంత్రం అదే దారిన తిరిగొస్తాను. సంఘంలో ఉన్న రైతులందరికీ బోర్లున్నాయి, డ్రిప్పు ఉంది. నీళ్ళు మాత్రం అంతంత మాత్రం. అందుకని ప్రతి సోమవారం ఒక్కో రైతు ఫోనుకు మా ఆఫీసు నుంచి ఒక మెసేజి పోతుంది, ఈ వారం మీ తోటకు రోజుకు ఇన్ని గంటలు నీళ్ళు వదలండి అని. ఆ పొద్దున రైతులు ఫోన్ చేసి తోట ఎట్లుందో ఒక్క మాటలో చెప్తారు. నేను ఆ మాటను షీటులో కొడతాను. పక్క గడిలో గంటలు వచ్చి కూర్చుంటాయి. వాటిని తెచ్చి కూర్చోబెట్టేది నా ఫార్ములా.

ఆ ఫార్ములాను చూసుకుని నేను పడిన గర్వం అంతా ఇంతా కాదు. నా పుట్టిల్లు జమ్మలమడుగు. డిగ్రీ అయ్యాక అక్కడే ఒక ఇన్‌స్టిట్యూట్‌లో కంప్యూటర్ నేర్చుకున్నాను. పాత టైపు మిషన్లను ఒక మూలకు నెట్టేసి నాలుగు కంప్యూటర్లు పెట్టుకున్న ఇన్‌స్టిట్యూట్ అది. అక్కడి మాస్టారు మొదటి నెలలోనే తేల్చి చెప్పేశాడు, ఇఫ్ వచ్చిందంటే ఎక్సెల్ అంతా వచ్చినట్లే అని. నేను నమ్మాను. ఇది అయితే ఇది చెయ్యి, లేకపోతే అది చెయ్యి. ఎంత చక్కగా ఉంది! ఆ ‘లేకపోతే’ తర్వాత ఇంకో ఇఫ్ పెట్టొచ్చు, దాని ‘లేకపోతే’లో మరొకటి పెట్టొచ్చు అని తెలిసిన రోజు ఇంటికి నడిచి రాలేదు నేను, గాల్లో తేలుతూ వచ్చాను.

పులివెందులలో ఉద్యోగానికి చేరాక ఆ విద్యంతా ఆ షీటు మీద చూపించాను. పంట చీనీ అయితే, చెట్టు వయసు మూడేళ్ళ లోపైతే, ఒక గంట. లేకపోతే, ఐదేళ్ళ లోపైతే, గంటన్నర. లేకపోతే, కాపు చెట్టైతే, రైతు చెప్పిన మాటను బట్టి పూతకొక లెక్క, పిందెకొక లెక్క. లేకపోతే అరటి అయితే ఇంకో లెక్క. కొత్త రైతు చేరినా, కొత్త పంట వచ్చినా నేను చేసిందల్లా మరో ‘లేకపోతే’ తగిలించడమే. రెండేళ్ళకు అది స్క్రీన్ మీద ఆరు వరుసలైంది. చివర వరసగా పదిహేడు బ్రాకెట్లు. పెన్ను మొనతో ఒక్కొక్కటే లెక్కపెట్టి మూసేదాన్ని. ఎవరైనా, ఏందిది, అని అడిగితే, నీకు అర్థం కాదులే, అనేదాన్ని. నిజం చెప్పాలంటే అప్పటికే నాకూ అర్థం కావడం మానేసింది.

అన్నిటికన్నా ఆఖరున ఒక ‘లేకపోతే’ ఉండేది. పైన చెప్పినవేవీ కాకపోతే రెండు గంటలు. ఎందుకు రెండు గంటలు? ఏదో ఒకటి పెట్టాలి కాబట్టి పెట్టాను. గడి ఖాళీగా ఉంటే నాకు నచ్చదు.

ఇక చాచా గురించి చెప్పాలి. బస్సులో అందరూ చాచా అని పిలిచే ఆయనదీ ప్రొద్దుటూరే. కువైట్‌లో ఇరవై ఏళ్ళు బండ్ల స్పేర్ పార్టుల గోడౌన్‌లో పనిచేసి వచ్చాడు. వచ్చిన దుడ్లతో అందరూ మేడలు కట్టుకుంటుంటే ఈయన పులివెందులకు నాలుగు మైళ్ళ ఇవతల నాలుగెకరాలు కొని చీనీ మొక్కలు నాటి, మా సంఘంలో చేరాడు. వాళ్ళ వంశంలో ముందెవ్వరూ సేద్యం చేసినవాళ్ళు కారు. రోజూ పొద్దున నేనెక్కే బస్సులోనే తోటకు పోయేవాడు. కిటికీ పక్క సీటు నాకోసం చేతిరుమాలు వేసి పట్టి పెట్టేవాడు. ముద్దనూరు దాకా కువైట్ కబుర్లు, ముద్దనూరు దాటాక చీనీ కబుర్లు. ఒక్కో చెట్టు గురించి కూతుళ్ళ గురించి చెప్పినట్లు చెప్పేవాడు. ఐదేళ్ళూ వచ్చిన పూతను వచ్చినట్లే తుంచి పారేశాడు, చెట్టు బలపడాలని. ఆరో ఏడు కాపు వదలాలనుకున్నాడు. మొదటి గంప తమ వీధిలో ఇంటింటికీ పంచాలని ఆయన భార్య చాచీ అప్పుడే ఇళ్ళన్నీ లెక్కపెట్టుకుంది.

చీనీ కాపుకు మా వైపు ఒక పద్ధతి ఉంది. చలికాలం మొదట్లో తోటకు నీళ్ళు పూర్తిగా కట్టేస్తారు. నెల రోజులో, ఇంకాస్త ఎక్కువో. ఆకులు వాడిపోయి ముడుచుకుంటాయి. చూసేవాళ్ళకు, అయ్యో చచ్చిపోతున్నాయే, అనిపిస్తుంది. అలా వాడ్చి, సరైన సమయానికి నీళ్ళు వదిలితే చెట్టు ఒళ్ళంతా పూస్తుంది. మధ్యలో తొందరపడి నీళ్ళిచ్చామా, పూతకు బదులు చిగురు వేస్తుంది. ఆ ఏటికి అంతే. మా రైతులు దీన్ని వాడబెట్టడం అంటారు. సోమవారం ఫోన్‌లో ఒక్క మాటలో ‘వాడ’ అంటారు. నా ఫార్ములాలో మొట్టమొదటి ఇఫ్ అదే. ఆ గడిలో ‘వాడ’ అని ఉంటే, సున్నా గంటలు.

చాచా కూడా మొదటి రెండు సోమవారాలు ‘వాడ’ అనే చెప్పాడు. సున్నా అని మెసేజి పోయింది. ఈలోగా మా సంఘానికి సలహాలిచ్చే, వ్యవసాయం చదివిన సారు చాచా తోట చూడ్డానికి పోయాడు. సారుది గుంటూరు వైపు. ఆయన చీనీని బత్తాయి అంటాడు. మా మాట ఆయనకు మొరటు, ఆయన మాట మాకు సినిమా. తోటంతా తిరిగి, బెట్ట బాగా కుదిరింది, ఇంకో రెండు వారాలు ఉంచండి, అని చెప్పాడట. వాడబెట్టడాన్ని వాళ్ళ చదువులో బెట్ట అంటారని చాచాకు ఆ రోజే తెలిసింది. తెలిసిన మాటను ఊరికే వదిలే మనిషి కాదు. ఆ సోమవారం బస్సులో నా పక్కన కూర్చుని, పరీక్ష పాసైనవాడిలా చెప్పాడు:

“మన తోట బెట్టలో ఉండాది బేటీ. రాసుకో.”

నేను చేతి మీద రాసుకున్నాను. ఆఫీసుకు పోయి, చెప్పింది చెప్పినట్లు, ‘బెట్ట’ అని కొట్టాను. ఆ రోజు ఫోన్లు ఆగకుండా మోగుతున్నాయి. పక్క గడిలో ఏం వచ్చిందో చూడలేదు. చూడాల్సిన అవసరమేముంది? ఫార్ములా నాది కదా!

గురువారం పొద్దున చాచా బస్సులో మహా ఉషారుగా ఉన్నాడు. ఆకులు మళ్ళీ విచ్చుకున్నాయని చెప్పాడు. చెట్లు నిద్ర లేచినాయి బేటీ, అన్నాడు. నేను నవ్వుతూ వింటున్నదాన్ని ఒక్కసారిగా ఆగిపోయాను. వాడబెట్టిన తోటలో ఆకులు విచ్చుకోవడం ఏంది? నీళ్ళు వదిలావా అని అడిగాను. నువ్వే కదా మెసేజి పంపించావు అని ఫోన్ తీసి చూపించాడు. రోజుకు రెండు గంటలు. మంగళవారం, బుధవారం వదిలేశాడు. ఇంకో రెండు వారాలన్న సారే ఇక చాలని మనసు మార్చుకున్నాడేమో అని ఈయన అనుకున్నాడు.

ఎక్కడో తప్పు జరిగిందని తెలిసిపోయింది. కానీ నోరు మాత్రం దాని పని అది చేసేసింది. ఫార్ములా తప్పు చెప్పదు చాచా అన్నాను. ఎంత పొగరు! ఆ మాట ఇప్పుడు తలుచుకున్నా నాకు నేనే ఒకటి ఇచ్చుకోవాలనిపిస్తుంది.

ఆ రోజు చాచా తోట దగ్గర దిగలేదు. నాతోపాటే ఆఫీసుకు వచ్చి నా పక్కన కుర్చీ వేసుకున్నాడు. షీటు తెరిచాను. వాడబెట్టిన మిగతా తోటలన్నిటికీ సున్నా ఉంది. చాచా ఒక్కడికే రెండు. ఎందుకో తెలియదు. ఫార్ములా మీద క్లిక్ చేశాను. ఆరు వరుసలూ కిందికి దిగాయి. ఒక్కో బ్రాకెట్టు పట్టుకుని లోపలికి పోవడం, దారి తప్పి బయటికి రావడం. పదకొండైంది, పన్నెండైంది. తల ప్రాణం తోకకొచ్చింది. రెండేళ్ళు నేనే కట్టిన కొంపలో నాకే వాకిలి దొరకలేదు. చాచా పాపం, పైకి చదవమన్నాడు, తానూ ఒక చెవి వేస్తానని. చదివాను. మూడో ‘లేకపోతే’ దగ్గర చెయ్యి ఎత్తి ఆపమన్నాడు. నాకు తల తిరుగుతాంది బేటీ, అన్నాడు.

అప్పుడు కళ్ళబడింది. వరుసలో మిగతావాళ్ళందరికీ ‘వాడ’, చాచాకు ‘బెట్ట’. ఫార్ములాకు వాడ తెలుసు, బెట్ట తెలియదు. తెలియదని చెప్పిందా? లేదు. ఇది కాదు, ఇది కాదు అని ఒక్కో మెట్టూ దిగిపోయి, అట్టడుగున నేను ఊరికే పెట్టిన ఆఖరి ‘లేకపోతే’ దగ్గర ఆగి, రెండు గంటలు అని ధైర్యంగా చెప్పేసింది. గుంటూరు మాట, పులివెందుల మాట ఒకటేనని దానికి ఎవరు చెప్పాలి?

“తప్పు నాది చాచా,” అన్నాను. ఏడుపొచ్చింది. ఆరేళ్ళ తోట, మొదటి కాపు. నేను ఒక గడి ఖాళీగా ఉండకూడదనుకున్నందుకు.

చాచా నన్ను తిట్టి ఉంటే బాగుండేది. చేతిరుమాలుతో ముఖం తుడుచుకున్నాడు. తర్వాత, కువైట్ గోడౌన్‌లో అన్ని వేల సామాన్లు ఉన్నా తమకు ఇట్లాంటి తిప్పలు ఎప్పుడూ రాలేదని మెల్లగా మొదలుపెట్టాడు. ఆ సమయంలో కువైట్ కబుర్లా అని నాకు ఒళ్ళు మండింది. కానీ ఆయన చెప్పింది ఇది:

“తలుపుకు ఒక పట్టీ అంటిచ్చింటారు బేటీ. ఈ పక్క సామాను నంబరు, ఆ పక్క ర్యాకు నంబరు. వేలు పెట్టి చూసుకుంటా పోవాల. పట్టీలో ఉంటే తెచ్చిస్తాము. లేదనుకో, లేదంటాము. దానికి బదులు ఇంగోటి చేతిలో పెట్టి పంపిస్తే, బండి యాడనో ఎడారిలో నిలబడిపోతాది గదా.”

ఆ పట్టీ సంగతి ఎక్కడో విన్నట్లే అనిపించింది. జమ్మలమడుగు మాస్టారు నాలుగో నెలలో పట్టిక పెట్టి వెతికించే వీ-లుకప్ అనే ఫార్ములా చెప్పాడు. ఇఫ్ వచ్చాక ఇదెందుకులే అని ఆ వారం నేను క్లాసు ఎగ్గొట్టి పెళ్ళికి పోయాను.

మధ్యాహ్నం సారు వచ్చాడు. జరిగింది చెప్పాను. చెప్పానంటే ఏం చెప్పాను? “కంప్యూటర్ పొరపాటు సార్,” అన్నాను. అంతకు గంట ముందు చాచా దగ్గర ఏడ్చిన నోటితోనే. చాచా నా వైపు ఒకసారి చూసి, చూపు తిప్పుకున్నాడు. సారు వెంటనే నీళ్ళు ఆపేయమన్నాడు. నేల ఎర్ర గరుసు, రెండు రోజుల తడే కాబట్టి త్వరగానే ఆరుతుందన్నాడు. వారంలోపు చిగురు కనబడిందంటే ఈ ఏటికి ఆశ వదులుకోవడమే. కనబడకపోతే బెట్టను మళ్ళీ మొదటి నుంచీ మొదలుపెట్టొచ్చు.

ఆ వారం నేను ఎట్లా గడిపానో నాకే తెలుసు. చేతులు ఊరుకోక, ఫార్ములాను మొత్తం పీకి పారేశాను. రెండేళ్ళ కష్టం, ఒక్క డిలీట్. తల వెంట్రుకలు కత్తిరించుకున్నంత తేలిగ్గా అనిపించింది. పక్కన కొత్త షీటు తీసి పట్టీ రాశాను. ఎడమ పక్క పంట, వయసు, స్థితి. కుడి పక్క గంటలు. అంతే. ఫార్ములా ఒక్క వరుస. పోయి ఆ పట్టీలో వెతుకు, దొరికింది తెచ్చివ్వు. మొదటిసారి చివర సున్నా పెట్టడం మరిచిపోయాను. సరిగ్గా అదే మాట దొరికితేనే తెమ్మని చెప్పే సున్నా అది. అది లేకపోయేసరికి దగ్గర్లో ఉన్న ఏదో అంకెను పట్టుకొచ్చింది. బుద్ధి మారలేదు చూడు దీనికి, అని తిట్టి సున్నా పెట్టాను. అప్పటి నుంచి పట్టీలో లేని మాట కొడితే గంటల గడిలో హ్యాష్ గుర్తు వేసి ఎన్, ఏ అని చూపిస్తుంది. నాకు తెలియదమ్మా అని దండం పెట్టినట్లు. ఆ వరుసకు మెసేజి పోదు. నేను ఫోన్ చేసి అడగాలి.

దానికి ముందు ఇంకో చిన్న పట్టీ పెట్టాను, మాటల పట్టీ. రైతు చెప్పే మాట ఎడమ పక్క, మన మాట కుడి పక్క. బెట్ట అంటే వాడ. ఆ పట్టీ నింపడంలో నాకన్నా చాచాకే ఎక్కువ సంబరం. తోటలో చిగురు వస్తుందేమోనని లోపల బెదురుతూనే, బస్సులో ఎక్కిన ప్రతి రైతునూ అడిగేవాడు, నువ్వేమంటావు మామా, నువ్వేమంటావప్పా, అని. ఒకాయన ఎండగట్టినాం అన్నాడు. ఒకాయన మాడబెట్టినాం అన్నాడు. ఒకామె నీళ్ళు కట్టేసినాం, అంతే, దానికో పేరెందుకు, అని కసిరింది. అదీ రాసుకున్నాం. ఆఫీసులో ఒక నియమం పెట్టాను: రైతు ఏ మాటంటే ఆ మాటే కొట్టాలి, మన తలకాయలో తర్జుమా చేయకూడదు. పట్టీని ప్రింటు తీసి గోడకు అంటించాను. ఒకరోజు అరటి రైతు ఒకాయన దాని ముందు నిలబడి, వేలు పెట్టి చదువుకుని, గెల వేసిన చెట్టుకు ఈ గంటలు చాలవమ్మా, అన్నాడు. సారును అడిగితే నిజమేనన్నాడు. రెండేళ్ళుగా ఆ తప్పు నా బ్రాకెట్ల మధ్య హాయిగా పడుకుని ఉంది. ఎవరికి కనబడుతుంది? గోడ మీదికి వచ్చాక కంప్యూటర్ ముఖం చూడని మనిషి కూడా పట్టేశాడు. పాత రోజుల్లో అయితే నాకు కోపం వచ్చేది. ఆ రోజు ఆయనకు టీ తెప్పించాను.

ఎనిమిదో రోజు చాచా ఎప్పుడూ దిగే చోట దిగుతూ, నన్నూ దిగమన్నాడు. ఒక్కడే చూడటానికి ధైర్యం చాలడం లేదన్నాడు. ఇద్దరం తోటంతా తిరిగాం, కొమ్మ కొమ్మా వంచి చూశాం. ఆకులు మళ్ళీ ముడుచుకుంటున్నాయి. చిగురు లేదు. ఒక్క చెట్టుకు, కాలువ పక్కన ఉన్నదానికి మాత్రం రెండు లేత రెమ్మలు. చాచా వాటిని గోటితో గిల్లి జేబులో వేసుకున్నాడు. ఆఫీసుకు గంటన్నర ఆలస్యంగా పోయాను.

తర్వాత నాలుగు సోమవారాలు ఆయన ‘బెట్ట’ అనే చెప్పాడు, పట్టుబట్టి. నేను ‘బెట్ట’ అనే కొట్టాను. సున్నా వచ్చింది, నాలుగుసార్లూ. ప్రతిసారీ ఆ సున్నాను వేలు పెట్టి చూసుకున్నాక గానీ మెసేజి పంపలేదు. ఐదో సోమవారం సారు స్వయంగా పోయి వాల్వు తిప్పించాడు. మిగతా రైతుల తోటలన్నీ అప్పటికే పూతకొచ్చేశాయి. చాచా తోట ఒక్కటే వెనకబడింది. బస్సులో కువైట్ కబుర్లు తగ్గిపోయాయి. నేనూ ఏమీ అడగలేదు. అడిగి ఏం విందామని?

ఇంకో సోమవారం. ఆ రోజు చాచా నాకన్నా ముందు బస్సుకే వెళ్ళిపోయాడు. ఆఫీసులో కూర్చుని ఫోన్లు రాసుకుంటున్నాను. ఆయన నుంచి ఒక వాయిస్ మెసేజి వచ్చింది. నాతో ఎప్పుడూ తెలుగే మాట్లాడే మనిషి, ఆ పొద్దు తెలుగు మరిచిపోయాడు.

“ఫూల్ ఆయే బేటీ! ఫూల్ ఆయే!”

వెనక చాచీ గొంతు కూడా వినబడింది. ఆమెను కూడా తోటకు తీసుకుపోయినట్లున్నాడు. నేను ఆ మెసేజిని మళ్ళీ మళ్ళీ విన్నాను. కళ్ళు మసకబారాయి. అయినా నియమం నియమమే, రైతు ఏ మాటంటే ఆ మాటే. చాచా వరుసలో ‘ఫూల్’ అని కొట్టాను. పక్క గడిలో హ్యాష్ గుర్తు, ఎన్, ఏ. ఇన్నేళ్ళ ఉద్యోగంలో ఒక ఎర్రర్‌ను చూసి అంత సంతోషపడింది ఆ రోజే. మాటల పట్టీ తెరిచి, అన్నిటికన్నా కింద కొత్త వరుస రాశాను. ఎడమ పక్క ఫూల్. కుడి పక్క పూత. గంటలు వచ్చాయి. మెసేజి పోయింది. కొత్త ప్రింటు తీసి గోడకు అంటించాను.

సాయంత్రం సారు గోడ ముందు నిలబడి కింది దాకా చదివి, కళ్ళద్దాలు సర్దుకుని, ఫూల్ అని ఎవరిని తిడుతున్నారండీ ఇక్కడ, అని నవ్వాడు. చాచా చెప్పిన మాట అది, ఉర్దూలో పువ్వు, అని చెప్పేస్తే అయిపోయేది. నోటి దాకా వచ్చింది కూడా.

“నన్నే సార్,” అన్నాను. “ఆ పొద్దు తప్పు కంప్యూటర్ది కాదు. బెట్ట అంటే వాడ అని దానికి చెప్పాల్సింది నేను.”